సైకిల్ పోటీ, చల్లని సీసా, మన పళ్ళు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్ళం ఫోన్లలో మాట్లాడుకున్నాం. చదువు విలువ మీద రాద్దామా, అంబేడ్కర్ గారి మీద రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అనుకున్నాం. అవన్నీ ఏటా ఎవరో ఒకరు బాగానే రాస్తున్నారు. చివరికి ఎవరూ రాయని సంగతి ఒకటి తేలింది. అది మన పళ్ళ సంగతి. నవ్వకండి. నవ్వితే పళ్ళు బయటపడతాయి, అప్పుడు మేం చెప్పబోయేది మేం చెప్పకుండానే తెలిసిపోతుంది.

మేమంటే 2018లో ఇక్కడి నుంచి పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళినవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటివాళ్ళం మేమే. కొందరం ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాం. కొందరం ఉద్యోగాల వేటలో ఉన్నాం. ఒకరిద్దరు చదువు ఆపేసి పనుల్లో చేరిపోయారు. ఈ వ్యాసం రాసిన చెయ్యి ఒకటే అయినా మాట మా అందరిదీ. ఇందులో తప్పు ఒప్పుకునే భాగం కూడా ఉంది. అదీ మా అందరిదే.

పోయిన ఏడాది వార్షికోత్సవానికి సైకిల్ పోటీ పెట్టారు. హాస్టల్ గేటు దగ్గర మొదలై జలుమూరు రోడ్డు పట్టుకుని వెళ్ళి తిరిగి రావాలి. పాత విద్యార్థులుగా మేం ఏం ఇవ్వాలని ఆలోచించి, తలా కొంత వేసుకుని, బజారులో ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు సీసాలు, కూల్‌డ్రింకులు కేసులకు కేసులు కొనుక్కొచ్చాం. బయలుదేరే ముందు పిల్లవాడికో సీసా. మలుపు దగ్గర ఇంకో సీసా. గెలిచినవాడికి ఒక కేసు మొత్తం. పక్కనే బ్యానరు కట్టి ఫోటోలు దిగాం. మా చిన్నప్పుడు ఒక్క సీసాని ఆరుగురం పంచుకున్న రోజులు గుర్తొచ్చి, ఇన్ని సీసాలు పంచుతున్నందుకు మాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ రాత్రి మేం హాస్టల్లోనే పడుకున్నాం. పన్నెండు దాటాక ఏడో తరగతి తమ్ముడొకడు దవడ పట్టుకుని గోడవైపు తిరిగి ఏడుస్తూ కనిపించాడు. పొద్దున్న పోటీలో మూడోస్థానం వచ్చింది వాడికే. వంట మాస్టారు లవంగం నలిపి పెట్టారు. తగ్గలేదు. తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు చూసి, పన్ను సగానికి పైగా పుచ్చిపోయింది, ఉంచడం కష్టం అన్నారు. తీసేశారు. "పోనీలే, పాలపన్నే కదా, మళ్ళీ వస్తుంది" అన్నాం మేం వాణ్ణి ఓదారుస్తూ. డాక్టరు గారు మా వైపు చూసి, "మీరు చదువుకున్న పిల్లల్లా ఉన్నారు. ఇది ఆరేళ్ళప్పుడు వచ్చే శాశ్వత దవడ పన్ను. ఇంక రాదు" అన్నారు. పీజీ చదువుతున్నవాళ్ళం, మాకు ఆ ముక్క తెలియదు.

నిజం చెప్పాలంటే మేమిచ్చిన రెండు సీసాలే ఆ పన్నుని తినేయలేదు. పన్ను పుచ్చడానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. కానీ వాణ్ణి అడిగితే, శనివారం సైకిల్ మీద ఇంటికి వెళ్ళేటప్పుడు, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే సీసాని హ్యాండిల్‌కి తగిలించుకుని దారి పొడవునా చప్పరిస్తూ వస్తానని చెప్పాడు. ఎవరు నేర్పారని అడగబోయి మానుకున్నాం. సైకిల్ తొక్కేవాడికి శక్తినిచ్చేది ఆ సీసానే అని వార్షికోత్సవంలో అందరి ముందూ నిలబడి చూపించింది మేమే కదా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది మా బ్యాచ్ వాడిది. పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు. మన జిల్లాలో సైన్యంలో చేరాలనే కోరిక ఎంతమందికి ఉంటుందో మీకు తెలుసు. తెల్లవారుజామున హైవే పక్కన, చెరువు గట్ల మీద పరుగులు తీసే కుర్రాళ్ళు మన ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. మావాడు రెండేళ్ళు అలాగే కష్టపడ్డాడు. పొద్దున్న పరుగు, సాయంత్రం సైకిల్. సంచిలో ఎప్పుడూ ఒక తియ్యటి సీసా, రెండు చాక్లెట్లు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు మొదటి గ్రూపులోనే ముగించాడు. కొలతలన్నీ సరిపోయాయి. వైద్య పరీక్షలో నోరు తెరవమన్నారు. అక్కడ ఆగిపోయాడు.

సైన్యంలో పళ్ళకు మార్కులుంటాయని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఈ లెక్క మీరంతా తెలుసుకోవాలి. పైపన్ను, కిందపన్ను ఒకదానికొకటి సరిగ్గా ఆనితేనే ఆ జతకు పాయింట్లు. ముందు పళ్ళు, కోరపన్ను, వాటి వెనక చిన్న దవడ పళ్ళు జతకు ఒక్కో పాయింటు. పెద్ద దవడ పళ్ళకు జతకు రెండేసి. మొత్తం 32 పళ్ళూ బాగుండి, జ్ఞానదంతాలు కూడా పూర్తిగా ఎదిగి ఉంటే 22 పాయింట్లు. కనీసం 14 ఉండాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి జ్ఞానదంతాలు రాలేదనుకుందాం. అప్పుడు అన్నీ బాగున్నా వచ్చేవి 18 మాత్రమే. మూడు వేర్వేరు జతల్లో ఒక్కో పెద్ద దవడ పన్ను పోయిందంటే ఆరు పాయింట్లు పోయినట్టే. మిగిలేవి 12. మావాడికి సరిగ్గా అలాగే పోయాయి. పన్నెండేళ్ళప్పుడు ఒకటి, పదిహేనేళ్ళప్పుడు ఒకటి, ఇంటర్లో ఇంకొకటి పీకించుకున్నాడు. పీకించుకున్న ప్రతిసారీ నొప్పి పోయిందని సంతోషపడ్డాడు.

వాళ్ళమ్మ మాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నా కొడుకు పరిగెట్నాడు, దూకినాడు, అన్నీ సేసినాడు. పళ్ళు సూసి ఎల్లిపొమ్మన్నారట. పళ్ళతోటి యుద్దం సేస్తారేటి బాబూ?" అని అడిగింది. ఎక్కడో మంచుకొండల్లో కాపలా ఉండే సైనికుడికి రాత్రిపూట పన్ను నొప్పి వస్తే చూసే డాక్టరు దొరకడని, అందుకే ముందే చూస్తారని ఆమెకు చెప్పాం. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. మావాడు ఇప్పుడు హైదరాబాదులో ఒక గోదాములో మూటలు లెక్కపెడుతున్నాడు.

అసలు సైకిల్‌కీ పళ్ళకీ ఏం సంబంధం? మాలో కెమిస్ట్రీ చదివేవాళ్ళం ఉన్నాం కాబట్టి తెలిసిన మేరకు చెబుతాం. మన నోట్లో ఎప్పుడూ కొన్ని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మనం తిన్న చక్కెరే వాటికి మేత. చక్కెర దొరికిన కొద్ది నిమిషాల్లోనే అవి ఆమ్లం తయారు చేస్తాయి. పదో తరగతిలో మీరు పీహెచ్ గురించి చదువుకుంటారు. ఏడు కంటే తక్కువ అయితే ఆమ్లం. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే కిందకు దిగితే పన్ను పైపొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. మన శరీరంలో ఎనామిల్ కంటే గట్టి పదార్థం లేదు. అంతటిదీ ఆమ్లానికి లొంగిపోతుంది.

ఈ దాడిని ఆపేది లాలాజలం. అది ఆమ్లాన్ని పలచన చేస్తుంది, విరిచేస్తుంది, కరిగిన ఖనిజాన్ని మళ్ళీ పన్నుకి అందిస్తుంది. 1940లలో అమెరికాలో స్టెఫాన్ అనే పరిశోధకుడు ఈ ఎత్తుపల్లాలను కొలిచి చూపించాడు. చక్కెర తగలగానే పీహెచ్ దబ్బున పడిపోతుంది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. అంటే భోజనంతో పాటు ఒక్కసారి తీపి తిన్నవాడి పళ్ళకు ఒక్క దెబ్బ. ఐదు నిమిషాలకోసారి గుక్క వేసేవాడి నోరు కోలుకునే లోపే మళ్ళీ దెబ్బ. గంటన్నర సైకిల్ తొక్కితే గంటన్నరా ఆమ్లమే.

సైకిల్ తొక్కేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. ఎదురుగాలిలో, ఎత్తు ఎక్కేటప్పుడు మనం నోటితో ఊపిరి పీలుస్తాం. చెమట పడుతుంది. నోరు పిడచకట్టుకుపోతుంది. లాలాజలం తగ్గిపోతుంది. కాపలావాడు లేని సమయం చూసి దొంగని ఇంట్లోకి పిలిచినట్టు, సరిగ్గా అప్పుడే తియ్యటి సీసా మూత తీస్తాం. పైగా ఈ పానీయాలకు చక్కెర ఒక్కటే కాదు, సొంత పులుపు కూడా ఉంది. కోలా రకాల పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. ఆటగాళ్ళ పానీయాలుగా అమ్మేవి ఎక్కువగా 3, 4 మధ్యన ఉంటాయి. అందులో సూక్ష్మజీవి సాయం లేకుండానే ఆ ఆమ్లం నేరుగా పన్నును అరగదీస్తుంది. మా ల్యాబులో నీలి లిట్మస్ కాగితం ముంచి చూశాం. బజారులో కొన్న ప్రతి సీసాలోనూ ఎర్రబడింది.

చక్కెర లెక్క కూడా చూడండి. మామూలు కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైన చక్కెర ఉంటుంది. చిన్న సీసా అంటే 250 మిల్లీలీటర్లు. అంటే 25 గ్రాములకు పైనే, ఆరు చెంచాలు. పైనుంచి కలిపే చక్కెర రోజు మొత్తానికి అంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మీరు టీలో ఆరు చెంచాల చక్కెర వేసుకుంటే వంట మాస్టారు గరిటె తిరగేస్తారు. సీసాలో అయితే ఎవరికీ కనపడదు. ఎనర్జీ డ్రింకుల మీద చిన్న అక్షరాల్లో పిల్లలకు తగదని రాసి ఉంటుంది. పోయిన ఏడాది కేసులు మోసుకొచ్చినప్పుడు ఆ అక్షరాలు మేమూ చదవలేదు.

"అవి కూల్‌డ్రింకులు, మేం తాగేది ఓఆర్ఎస్" అని ఒక తమ్ముడు మాతో అన్నాడు. మందుల షాపులో అట్టపెట్టె ప్యాకెట్లో దొరుకుతుంది కాబట్టి అది మందే అనుకున్నాడు. ఈ విషయంలో మన తెలుగు గడ్డ మీదే ఒక పెద్ద పోరాటం జరిగింది. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి ఒక్కటే మాట చెబుతూ వచ్చారు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న ఆ తియ్యటి పానీయాలు అసలు ఓఆర్ఎస్ కావని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. మార్కెట్లోని కొన్ని ప్యాకెట్లలో లీటరుకు వంద గ్రాములు దాటి చక్కెర ఉండేది. ఆమె అధికారులకు రాశారు, 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆ సూత్రం ప్రకారం తయారు కానిదేదీ ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టరు పట్టుదలతో దేశమంతటా పేరు మారింది. పేరు మారినా ప్యాకెట్లోని తీపి మారలేదు. కాబట్టి విరేచనాలు పట్టుకున్నప్పుడు అసలైన ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు తప్పకుండా వాడండి, దానికి భయపడకండి. సైకిల్ మీద చప్పరించడానికి తియ్యటి ప్యాకెట్టు వద్దు.

ఇది బీదపిల్లల బాధే అనుకోకండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 302 మంది క్రీడాకారుల నోళ్ళు పరీక్షిస్తే, సగానికి పైగా మందికి, అంటే 55 శాతానికి పిప్పి పళ్ళున్నాయని, 45 శాతానికి ఎనామిల్ అరుగుదల ఉందని తేలింది. నోటి బాధ తమ శిక్షణను, ఆటను దెబ్బతీసిందని 18 శాతం మంది చెప్పారు. అంతటి దేహదారుఢ్యం ఉన్నవాళ్ళకే తప్పలేదు. వాళ్ళకైతే పక్కనే డాక్టర్లున్నారు. మనకు పన్ను నొప్పి వస్తే లవంగం, తగ్గకపోతే పీకడం. పన్ను నిలబెట్టే వైద్యానికి వేలల్లో అవుతుంది. అమ్మానాన్నల ఎన్ని రోజుల కూలి అది?

ఇక్కడ మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. ఒక అన్నయ్య ఫోన్లో సూటిగానే అడిగాడు. "ఏటిరా, డబ్బున్నోళ్ళ పిల్లలు రోజూ తాగుతున్నారు. మన గుంటలు ఏడాదికోసారి ఒక సీసా తాగితే మీకు కడుపు మంటేటి?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆ సీసా మాకూ ఒకప్పుడు గొప్ప. టీవీలో హీరో తాగేది మన చేతిలో ఉందంటే మనం కూడా మనుషుల్లో కలిసినట్టు ఉండేది. అన్నీ వదులుకున్న పిల్లలకు ఇది కూడా వద్దని చెప్పడానికి మాకు నోరు రాదు. అందుకే మానేయమని చెప్పడం లేదు.

మేం చెప్పేది ఒక్కటే. దారిలో వద్దు. తాగాలనుంటే ఆదివారం భోజనంతో పాటు కూర్చుని, ఒక్కసారిగా తాగేసి, నీళ్ళు పుక్కిలించి లేవండి. తాగిన వెంటనే బ్రష్షు చెయ్యొద్దు. మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్షు రాపిడి ఇంకా చెడుపు. ఒక అరగంట ఆగాలి. ఎంత తిన్నాం అనేదానికంటే ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నాం అనేదే పన్నుకు ముఖ్యం. ఈ సంగతి స్వీడన్‌లో విపెహోమ్ అనే ఆసుపత్రిలో 1940ల చివర్లో తేలింది. మానసిక వికలాంగులకు తెలియకుండానే వాళ్ళకు జిగురు మిఠాయిలు తినిపించి మరీ చూశారు. నోరులేని వాళ్ళ నోళ్ళు పాడుచేసి నేర్చుకున్న పాఠం అది. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ఆ పాఠం తర్వాత స్వీడన్ పిల్లలకు వారానికొక్కరోజు, శనివారం మిఠాయి అనే ఆచారం వచ్చింది. అంత ఖరీదు పెట్టి తెలుసుకున్నదాన్ని మనం వాడుకోకపోతే అది ఇంకో అన్యాయం.

"మరి మా తాత బొగ్గుతో తోముకున్నాడు, చచ్చేదాకా చెరుకు నమిలాడు" అనేవాళ్ళున్నారు. మా తాతలూ అంతే. వాళ్ళు పొద్దున్నే తరవాణి బుడ్డి ఎత్తి గటగటా తాగి పొలం దిగేవాళ్ళు. చోడి అంబలి తాగేవాళ్ళు. తరవాణి కూడా పులుపే. కానీ గంటలకొద్దీ ఎవరూ చప్పరించలేదు. వాళ్ళ రోజుల్లో పళ్ళు పాడవలేదని కాదు, రోజంతా నోట్లో చక్కెర నీళ్ళు ఊరే అలవాటు వాళ్ళకు లేదు. బొగ్గు, ఇటుకపొడి మాత్రం వద్దు, అవి పన్నును గీసేస్తాయి.

మరి సైకిల్ తొక్కేవాడు ఏం తాగాలి? గంట లోపు తొక్కుడికి నీళ్ళు చాలు. గంట దాటితే శరీరానికి కొంత మేత కావాలి, నిజమే. దానికి సీసా అక్కర్లేదు. బయలుదేరే ముందు కడుపునిండా అన్నం తినండి. దారిలో ఆగి ఉడకబెట్టిన సెనగలు, వేయించిన పల్లీలు, గుడ్డు, కాలాన్ని బట్టి తేగలు తినండి. అరటిపండు తింటే మీద నాలుగు గుక్కల నీళ్ళు తాగండి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ చెమటకు మంచి మందు. పాత ట్యూబు ముక్కతో నీళ్ళ సీసాని సైకిల్ రాడ్డుకు కట్టుకోవచ్చు, మేమంతా అలాగే కట్టుకునేవాళ్ళం. బిస్కెట్లు, చాక్లెట్లు, పల్లీ చిక్కీ దారిలో వద్దు. బెల్లం ఆరోగ్యమే కదా అంటారు. రక్తానికి ఏమో గానీ పన్ను దగ్గర బెల్లం కూడా చక్కెరే, పైగా పళ్ళ సందుల్లో అతుక్కుని కూర్చుంటుంది. బడిలో చిక్కీ ఇస్తే భోజనం అయిన వెంటనే తినేయండి. జేబులో దాచుకుని సైకిల్ మీద నాలుగుసార్లు కొరకొద్దు.

రాత్రి పడుకునే ముందు బ్రష్షు చెయ్యడం మన హాస్టళ్ళలో చాలామందికి అలవాటు లేదు. మాకూ ఉండేది కాదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పొద్దున్న తోముకోవడం కంటే రాత్రి తోముకోవడమే పెద్ద రక్ష. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి, ఉమ్మేయండి, ఆ తర్వాత ఎక్కువ నీళ్ళతో కడిగేయకండి. వేపపుల్ల వాడేవాళ్ళు వాడుకోండి, రాత్రిపూట మాత్రం పేస్టు తప్పనిసరి. కాస్మెటిక్ ఛార్జీలు ఇచ్చేది పౌడరుకే కాదు, ఇందుకు కూడా. ఇంకో విచిత్రం చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు, బ్రష్షుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కూల్‌డ్రింకుల మీద 40 శాతం ఉంది. ఏ పన్ను కట్టి ఏ పన్ను పోగొట్టుకుంటామో మన చేతిలో ఉంది.

నెలకోసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. చిగురు దగ్గర సుద్దముక్కలాంటి తెల్లమచ్చ కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. ఆ దశలో జాగ్రత్తపడితే పన్ను తిరిగి గట్టిపడుతుంది. నల్లటి గుంత పడితే డాక్టరు దగ్గర సిమెంటు పెట్టించుకోవాలి. నొప్పి వచ్చేదాకా ఆగితే పన్ను పోతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు చేసే పరీక్షల్లో పిప్పి పళ్ళు చూడటం కూడా ఉంది. పరీక్ష బృందం వచ్చినప్పుడు బరువు, ఎత్తు చూపించి వచ్చేయకండి. "సార్, నా పళ్ళు కూడా చూడండి" అని అడగండి. అది మీ హక్కు. అడగడానికి సిగ్గుపడి మావాడు ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

అన్నయ్యలకు ఒక మనవి. మనం ఏటా ప్రేమతోనే సీసాల కేసులు తెస్తున్నాం. ఆ ప్రేమ అలాగే ఉండాలి, సీసా మారాలి. ఈ ఏడాది సైకిల్ పోటీకి మా బ్యాచ్ తరఫున రెండు పెద్ద మజ్జిగ బానలు, మలుపు దగ్గర మంచినీళ్ళ డ్రమ్ము, బుట్టెడు ఉడికించిన సెనగలు తెస్తాం. గెలిచినవాడికి గాలిపంపు, రెండో వాడికి తాళం, మూడో వాడికి కొత్త బెల్లు. పాల్గొన్న ప్రతి తమ్ముడికీ ఒక బ్రష్షు, ఒక పేస్టు. వార్డెన్ గారితో మాట్లాడి, పోటీకి వారం ముందే పన్ను డాక్టరుతో ఒక పూట శిబిరం పెట్టించాలని ప్రయత్నం చేస్తున్నాం. ఖర్చు లెక్క వేశాం. పోయిన ఏడాది సీసాల ఖర్చు కంటే పెద్ద తేడా లేదు. చెయ్యి కలపాలనుకునే అన్నయ్యలు వార్షికోత్సవ కమిటీకి చెప్పండి.

పోయిన ఏడాది మూడోస్థానం వచ్చిన ఆ తమ్ముడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. పెద్దయ్యాక సైన్యంలో చేరతానని మాతో చెప్పాడు. వాడి దగ్గర లెక్క వేశాం. ఒక జత పోయింది, రెండు పాయింట్లు తగ్గాయి. ఇంకా చాలినన్ని ఉన్నాయి. వాటిని కాపాడుకునే పని వాడిది. మలుపు దగ్గర వాడి చేతికి మళ్ళీ ఆ సీసా ఇవ్వకుండా ఉండే పని మనది.

జై భీమ్.